హైదరాబాద్–వైజాగ్ విమానం: మనిషికో గ్యాస్ బండ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫలానా ఎయిర్‌లైన్స్ మీద రివ్యూ కాదు. ఆ కంపెనీ పేరు కూడా రాయను, వాళ్ళతో నాకు ప్రత్యేకంగా గొడవేం లేదు, ఈ రూట్లో ఎవరి విమానం ఎక్కినా కథ అటూ ఇటూగా ఇదే. నేను రివ్యూ రాస్తున్నది హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విమానంలో వెళ్ళడం అనే మొత్తం వ్యవహారం మీద, మియాపూర్‌లో మా ఇంటి గుమ్మం నుంచి సీతమ్మధారలో మా అత్తయ్య ఇంటి గుమ్మం దాకా. వెళ్ళేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు, రెండూ ఐదు రోజుల తేడాలో జరిగాయి కాబట్టి రెండూ ఇంకా ఒంట్లో ఉన్నాయి. పైగా నేను బ్యాంకులో పనిచేస్తాను, లెక్క కనిపిస్తే వేయకుండా ఉండలేను, మా ఆవిడ దీన్ని జబ్బంటుంది.

విమానమే ఎందుకంటే, మూఢం. మూడు నెలలు ముహూర్తాల్లేక ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఫాల్గుణంలో ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, అందులో మా పిన్ని కూతురిది ఒకటి. వందేభారత్ చూస్తే వెయిటింగ్ లిస్టు నూట నలభై చిల్లర, గోదావరి అడిగే పనే లేదు, గరీబ్‌రథ్ కూడా అంతే. తప్పక విమానం. ముగ్గురికి, నాకూ మా ఆవిడకీ ఎనిమిదేళ్ళ పాపకీ, పదిహేడు వేల ఎనిమిది వందలు. సీటు ఎంచుకుంటే వేరే డబ్బులు, ఎంచుకోకపోతే ముగ్గుర్నీ మూడు మూలల కూర్చోబెడతారన్న భయం, కాబట్టి అవీ కట్టాం.

టైము సంగతి చూద్దాం. అందరూ "గంటా పది నిమిషాలే కదా" అంటారు. మా విమానం పొద్దున 7:05కి. ఇంట్లోంచి బయల్దేరింది 3:50కి. పాపని నిద్రలోంచి ఎత్తుకుని క్యాబ్‌లో పడేసి, గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి దాదాపు ఐదు. లైన్లు, తనిఖీ, బెల్టు తీయి, ల్యాప్‌టాప్ తీయి, పాప బ్యాగులో ఉన్న బుల్లి కత్తెర తీయి (స్కూలు బ్యాగు అదే తెచ్చింది, దాని తప్పు కాదు). 6:20కి గేటు దగ్గర నిలబెట్టారు, బస్సెక్కించారు, ఆ బస్సు ఎయిర్‌పోర్టంతా చూపించి విమానం దగ్గర దింపింది. తలుపు వేశాక మరో అరగంట రన్‌వే మీద వరసలో. గాల్లోకి లేచింది 7:40కి, దిగింది 8:50కి. సామాను బెల్టు దగ్గర ఇరవై నిమిషాలు, అక్కణ్నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఇంటికి. అత్తయ్య తలుపు తీసేసరికి 9:55. మొత్తం ఆరు గంటలా ఐదు నిమిషాలు. ఇందులో నేల మీద నుంచి పైకి లేచి ఉన్నది గంటా పదే, మిగతా ఐదు గంటలూ నేల మీదే ఉన్నాం, క్యాబ్‌లోనో, లైన్లోనో, బస్సులోనో.

ఇక్కడ ఒక మాట కలపాలి. మేం దిగింది నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా ఆవరణలో ఉన్న పాత విమానాశ్రయంలో, అది ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క. విమానాలన్నీ కొత్త భోగాపురం విమానాశ్రయానికి మారితే అక్కణ్నుంచి సీతమ్మధార నలభై ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. అప్పుడు ఇటు చివర మియాపూర్–శంషాబాద్ గంట, అటు చివర ఇంకో గంటా పావు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి మాత్రం దగ్గరవుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

క్యాబ్ నడిపిన అబ్బాయిది నాగర్‌కర్నూల్ వైపు పల్లె. రాత్రి పదకొండు నుంచి బండి మీదున్నాడట. "మమ్మల్ని దింపాక ఇంటికెళ్ళిపోతావా తమ్ముడూ" అని మా ఆవిడ అడిగితే నవ్వాడు. "ఖాళీగా పోతే డీజిల్ కూడా రాదక్కా, అక్కడే లైన్ల పడుకుంటా, ఫ్లైట్లు దిగినంక ఎప్పుడో నంబర్ వస్తది. రెండు గంటలు, ఒక్కోసారి నాలుగు." ఆ క్యాబ్‌ల పార్కింగ్ మీరెప్పుడైనా చూశారో లేదో, నేను ఒకసారి తెల్లవారుజామున మా బావగారి కోసం వెళ్ళి తప్పిపోయి అటు తిరిగాను. వరసగా వందల కార్లు, ముందు సీట్లు వెనక్కి వాల్చి, మొహాల మీద తువ్వాలు కప్పుకుని, కిటికీల్లోంచి పాదాలు బయటికి చాపి పడుకున్న మనుషులు. అరవై, డెబ్బై జతల పాదాలు చూసి ఉంటాను, దోమలు కుట్టకుండా కొందరు సాక్సులు వేసుకున్నారు. మన టికెట్ చవగ్గా రావాలంటే విమానం తెల్లవారుజామున నాలుగుకీ ఐదుకీ ఎగరాలి, అది ఎగరాలంటే వీళ్ళు రాత్రంతా ఇలా పడుండాలి. టికెట్ మీద ఈ పద్దు ఉండదు.

నిద్ర సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి పైలట్లది కూడా. 2025 డిసెంబర్ మొదటి వారంలో దేశమంతా వేల విమానాలు రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకోవడం టీవీలో అందరం చూశాం. కారణం ఏమిటో గుర్తుందా? పైలట్లకి వారంలో ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి పూట దించగలిగే విమానాలని ఆరు నుంచి రెండుకి తగ్గించిన నిబంధన. అది కాగితం మీద చాలా నెలల ముందే ఉంది. మనుషులకి నిద్ర ఇవ్వాల్సి వచ్చేసరికి షెడ్యూలు కూలిపోయింది, చివరికి ఆ నిబంధననే కొన్నాళ్ళు సడలించి బండి నడిపించారు. మన 4,999 ఆఫర్ ఎవరి నిద్రలోంచి వస్తుందో ఆ వారం అర్థమయ్యింది, మళ్ళీ సంక్రాంతికల్లా మర్చిపోయాం, నేనూ మర్చిపోయాను కదా, టికెట్ కొన్నాను.

సరే, అసలు లెక్క. సీటు జేబులో ఉన్న కార్డు మీద ఎ320 అని రాసి ఉంది, అంటే 186 సీట్ల దాకా. ఇలాంటి విమానం గంటకి దాదాపు రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది. మాది గంటా పదే అయినా దగ్గరి ప్రయాణాల్లో ఎక్కువ భాగం పైకెక్కడానికే ఖర్చయిపోతుంది, కాబట్టి రెండున్నర అనే అనుకుందాం, ఎక్కువ వేశానని ఎవరూ అనకుండా. ఆ ఇంధనం మరేమిటో కాదు, మా చిన్నప్పుడు రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడి తెచ్చుకున్న కిరసనాయిలుకి బాగా శుద్ధి చేసిన అన్న. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలోకి మూడు కిలోలేమిటని పాప అడిగింది, మంచి ప్రశ్నే. కాలేటప్పుడు గాల్లోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, ఆ బరువు. రెండున్నర టన్నులకి 7,900 కిలోలు. విమానం పూర్తిగా నిండిందనుకుని 186తో భాగిస్తే మనిషికి 42 కిలోలు.

నలభై రెండు కిలోలంటే ఎంతో నాకు తట్టలేదు, కంటికి కనపడేది కాదుగా. విమానం దిగేలోపు ఫోన్‌లో ఇంకో లెక్క వేశాను. మనింటికి వచ్చే గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది మొత్తం కాలిస్తే వచ్చేది కూడా సుమారు 42 కిలోలే! అంటే ఆ విమానంలో ఒక్కొక్క మనిషి పక్కన ఒక్కో ఎర్ర బండ పెట్టుకుని కూర్చున్నట్టు, గంటా పది నిమిషాల్లో 186 బండలూ ఖాళీ. మా ఇంట్లో బండ నెలన్నర వస్తుంది, రెండు పూటలా వంట, పాపకి వేణ్ణీళ్ళు, ఆదివారం బిర్యానీ అన్నీ కలిపి. ముగ్గురం కలిసి నాలుగున్నర నెలల పొయ్యిని పొద్దున టిఫిను కాకముందే కాల్చేశాం. ఈ మాట మా ఆవిడకి చెప్తే "మరి నేను సిమ్‌లో పెట్టి పప్పు ఉడికించేది ఎందుకండీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇది కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని లెక్క. పైన విమానం వెనకాల తెల్లటి చారలు పడతాయి చూడండి, అవి మంచు పలుకులు, కొన్ని పరిస్థితుల్లో అవి గంటలకొద్దీ ఉండి భూమి వేడిని పైకి పోనీయకుండా ఆపుతాయి. విమానాల వల్ల ఇప్పటిదాకా వచ్చిన వేడిలో సగానికి పైగా ఇలాంటి వాటి వల్లే అని శాస్త్రవేత్తల అంచనా. మాది చిన్న ప్రయాణం, చారలు పడ్డాయో లేదో నాకు కిటికీలోంచి కనపడదు, అందుకని దాన్ని బండల లెక్కలో కలపలేదు.

"ప్రపంచంలో మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతమే, దానికింత రాద్ధాంతమా" అని మా ఆఫీసులో ఒకాయన అంటుంటాడు. నిజమే, రెండున్నరే. కానీ ఆ రెండున్నర ఎవరిదన్నదే అసలు సంగతి. 2018 లెక్క ప్రకారం ఆ ఏడాది ప్రపంచంలో విమానం ఎక్కినవాళ్ళే 11 శాతం, ప్రయాణికుల విమానాల నుంచి వచ్చే కార్బన్‌లో సగం దాకా కేవలం 1 శాతం జనానిది. మన దగ్గర చూస్తే, 2024లో దేశీయ విమానాల్లో ఏడాదంతా కలిపి ఎక్కిన సంఖ్య 16 కోట్ల చిల్లర. అందులో ఏడాదికి నాలుగుసార్లు తిరిగేవాళ్ళని నాలుగుసార్లు లెక్కపెట్టినదే అది. మన రైళ్ళు అంతమందిని ఎనిమిది తొమ్మిది రోజుల్లో మోస్తాయి. అయినా ఏ చర్చ చూడండి, కొత్త విమానాశ్రయం ఎప్పుడు, రన్‌వే ఎంత పొడుగు అనే. జనరల్ బోగీలు ఎన్ని ఉన్నాయి అని ఎవడూ అడగడు.

పన్ను కూడా అంతే. హైదరాబాద్‌లో నా స్కూటర్‌లో పోయించుకునే పెట్రోలు మీద రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం. విమాన ఇంధనం మీద తెలంగాణలో, ఆంధ్రాలో విభజన తర్వాత 16 నుంచి 1 శాతానికి దించేశారు, విమానాలు మన ఊరికి రావాలని పోటీ. సెంట్రల్ ఎక్సైజు దాని మీద వేరే ఉంటుంది, కాదనను. అయినా స్కూటర్‌కి ముప్పై ఐదు, విమానానికి ఒకటి అని చదివినప్పుడు కొంచెం మండింది.

ఇప్పుడు ఈ రివ్యూలో నాకు బాగా నచ్చిన భాగం. టికెట్ బుక్ చేస్తుంటే చివర్లో, భోజనం, ఇన్సూరెన్సు, ముందు ఎక్కించడం లాంటివన్నీ వద్దు వద్దు అని నొక్కుకుంటూ వస్తుంటే, ఒక పచ్చ ఆకు బొమ్మ, పక్కన చిన్న గడి. మీ ప్రయాణపు కార్బన్‌ని తుడిచేయండి, మనిషికి 49 రూపాయలు. నేను నొక్కాను. నూట నలభై ఏడు రూపాయలకి పాపం పోతుందంటే ఎవరొద్దంటారు, గోదావరి పుష్కరాలకి వెళ్ళి మునిగినా అంతకంటే ఎక్కువే అవుతుంది. రెండు రోజులకి మెయిల్లో సర్టిఫికెట్ వచ్చింది, ఆకుపచ్చ అంచు, నా పేరులో ఒక అక్షరం తప్పు, "అభినందనలు, మీరు భూమికి మేలు చేశారు". మొక్కలు ఎక్కడ నాటారు, ఏం మొక్కలు, ఎవరి భూమిలో, వేసవిలో నీళ్ళెవరు పోస్తారు, ఒక్క ముక్క లేదు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే "మా భాగస్వామ్య సంస్థ చూసుకుంటుంది" అని జవాబు. మేం కాల్చింది గంటలో అయిపోయింది, అదంతా మొక్క పీల్చుకోవాలంటే అది బతికి, పెరిగి, ఎవరూ కొట్టెయ్యకుండా ఏళ్ళ తరబడి నిలబడాలి. బ్యాంకు భాషలో చెప్పాలంటే అప్పు ఈ రోజు నగదుగా ఇచ్చేసి, వసూలు మాత్రం హామీదారు ఎవరో తెలియని కాగితం మీద. నా బ్రాంచిలో అలాంటి ఫైలు వస్తే మేనేజరు నా మొహాన కొడతారు. ఆ గడికి సున్నా నక్షత్రాలు.

కొత్త ఇంధనం వస్తోంది కదా అంటారు. వస్తోంది. వాడేసిన వంటనూనె నుంచి విమాన ఇంధనం చేస్తారు, పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ రిఫైనరీకి 2025లో దానికి సర్టిఫికెట్ కూడా వచ్చింది, మన మిరపకాయ బజ్జీల నూనెతో విమానం ఎగరడం అంటే నాకూ ముచ్చటగానే ఉంది. ఏడాదికి 35 వేల టన్నులు చేస్తారట. దేశం ఏడాదికి కాల్చే విమాన ఇంధనం సుమారు 90 లక్షల టన్నులు, భాగిస్తే రోజున్నరకి కూడా చాలదు. ప్రభుత్వం పెట్టుకున్న గడువులు 2027కి 1 శాతం, 2028కి 2, 2030కి 5, అదీ విదేశాలకి వెళ్ళే విమానాలకే. వైజాగ్ విమానం ఆ జాబితాలో లేదు.

పెళ్ళి తగరపువలసలో. అక్కడే నాకు ఈ రివ్యూ రాయాలనిపించింది నిజానికి, విమానంలో కాదు. భోజనాల దగ్గర నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు, మా పిన్నికి ఆడపడుచు వరస అవుతారు. భోగాపురం విమానాశ్రయం కోసం ఖాళీ చేయించిన ఊళ్ళ వాళ్ళు. ఆ ప్రాజెక్టు కథ ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం: 2015లో మొదట 15 వేల ఎకరాలు అన్నారు, గొడవలయ్యాయి, తగ్గుతూ తగ్గుతూ 2,700 దగ్గరికి వచ్చింది, 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట, ఈ నాలుగు ఊళ్ళూ లేచిపోయాయి, సుమారు 400 కుటుంబాలకి పోలిపల్లి, గూడెపువలస దగ్గర కాలనీలు కట్టి పంపారు. అక్కడ భూములంటే జీడి, కొబ్బరి, మామిడి, సరుగుడు. కొంతమందికి పట్టా ఉంది, కొంతమందిది ప్రభుత్వం పంచిన భూమికి ఇచ్చే డి-పట్టా, కొంతమంది ఏ కాగితమూ లేకుండా తాతల నాటి నుంచి చేసుకుంటున్నవాళ్ళు, ఎవరి కాగితాన్ని బట్టి వాళ్ళకి డబ్బులు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఇల్లు బాగానే ఉంది, రోడ్డు ఉంది, కరెంటుంది అన్నారు. విస్తట్లో పాయసం వడ్డిస్తే వేలితో జీడిపప్పు పక్కకి తీసి చూసి, "ఏటి బాబూ, బద్దల్లాగ వేసినారు" అన్నారు. "మాకు ఏసంగొస్తే ఇల్లంతా జీడిపిక్కలే. కాల్సుకుని, కొట్టుకుని తినడమే, అమ్మినోళ్ళమే గానీ కొన్నోళ్ళం కాదు. కిలో ఎంతో నాకు మొన్న సంక్రాంతికే తెల్సింది." తర్వాత ఆ పప్పు తినేశారు. మనవడికి కొత్త విమానాశ్రయంలో ఉద్యోగం వస్తుందని ఆశ, ఏ ఉద్యోగం అంటే కాంట్రాక్టరు దగ్గర ట్రాలీలు నెట్టేదో, సెక్యూరిటీనో, ఇంకా తేలలేదు. "విమానం ఎలగుంటాది బాబూ లోపల" అని అడిగారు. పొద్దున నేను దిగింది అందులోంచే అని ఆవిడకి తెలుసు. బస్సు లాగే ఉంటుందమ్మా, ఇంకా ఇరుకు అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

శంషాబాద్ కూడా ఒకప్పుడు ఇలాంటి పొలాలే కదా, 5,500 ఎకరాలు, 2008 మార్చిలో తెరిచారు, మనకిప్పుడు అది ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. గన్నవరంలో విస్తరణ కోసం ఏలూరు కాలువనే పక్కకి మళ్ళించారు. బుద్ధవరం, కేసరపల్లి రైతులు భూములిచ్చి బదులుగా అమరావతిలో ప్లాట్లు తీసుకున్నారు, తర్వాత అమరావతి ఏమైందో, ఎన్నేళ్ళు ఆగిందో తెలిసిందే.

పెళ్ళికి మా అన్నయ్య కూడా వచ్చాడు, డాలస్ నుంచి, నలుగురూ, తొమ్మిది రోజుల కోసం. వాడి లెక్క వేయకూడదనుకున్నాను, వేశాను. డాలస్ నుంచి గల్ఫ్ మీదుగా హైదరాబాద్ వచ్చి వెళ్తే మనిషికి రెండు టన్నులు దాటుతుంది. మన దేశంలో సగటు మనిషి ఏడాదంతా తిని, తిరిగి, ఫ్యాను కింద పడుకుని మొత్తంగా వాటాకి వచ్చేది కూడా సుమారు రెండు టన్నులే. బండల్లో చెప్తే మనిషికి యాభై. మండపంలో అమ్మ వాడి కొడుకు బుగ్గలు పట్టుకుని వదలట్లేదు, మూడేళ్ళయింది చూసి. ఆవిడ దగ్గరికెళ్ళి ఈ లెక్క చెప్పేంత మూర్ఖుణ్ని కాదు. డాలస్‌కి రైలు లేదు. వైజాగ్‌కి ఉంది, నా గొడవల్లా అదే. ఫ్రాన్స్‌లో 2023 నుంచి రైల్లో రెండున్నర గంటల్లోపు వెళ్ళగలిగిన చోటికి విమానాలు ఆపేశారు, అలా ఆగింది మూడు రూట్లే, పారిస్ ఓర్లీ నుంచి లియాన్, నాంట్, బోర్డో. ఆ లెక్కన వైజాగ్ విమానానికి ఢోకా లేదు, మన రైలు ఎనిమిదిన్నర గంటలు మరి. విమానాన్ని ఆపే ముందు రైలు పరిగెత్తాలి.

వచ్చేటప్పుడు వందేభారత్, పొద్దున 5:45కి. ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే వెయిటింగ్ కన్ఫర్మ్ అయింది, మూడు సీట్లూ ఒకే చోట, దానికి వేరే డబ్బులు అడగలేదు. మనిషికి రెండు వేల లోపే, అందులోనే టిఫిను (ఉప్మా బానే ఉంది, చట్నీ దండగ). అత్తయ్య ఇంట్లోంచి బయల్దేరింది ఐదింటికి, సికింద్రాబాద్‌లో దిగాల్సింది 2:15కి, 2:40కి దింపాడు, అమీర్‌పేట్‌లో మారి మెట్రోలో మియాపూర్, ఇంటికొచ్చేసరికి నాలుగు. పదకొండు గంటలు. విమానం కంటే ఐదు గంటలు ఎక్కువ, అబద్ధం ఆడను. నడుం కూడా పట్టేసింది, ఆ సీట్లు తొమ్మిది గంటల ప్రయాణానికి చేసినవి కావు. కానీ ఆ పదకొండులో నేను రెండు గంటలు నిద్రపోయాను, పాప హోంవర్కు చేసింది, రాజమండ్రి దగ్గర బ్రిడ్జి వచ్చినప్పుడు వెనక సీట్లో ఒక మామ్మగారు అలవాటుగా పర్సులోంచి రూపాయి బిళ్ళ తీశారు, కిటికీ తెరుచుకోదని గుర్తొచ్చి, అద్దానికి తాకించి దండం పెట్టుకుని మళ్ళీ పర్సులో వేసుకున్నారు. మా పాప ఆ బిళ్ళ గోదావరికి ఎలా చేరుతుందని విజయవాడ దాకా అడుగుతూనే ఉంది.

కార్బన్ లెక్క కూడా చెప్పాలి కదా. రైలు కరెంటుతో నడుస్తుంది, మన కరెంటులో ముప్పాతిక వంతు దాకా బొగ్గే, కాబట్టి రైలు పత్తిత్తు అని నేననను. అయినా నా కాకిలెక్కలో మనిషికి పది కిలోలకి అటూ ఇటూ, బండలో ఐదో వంతో నాలుగో వంతో. బొగ్గు తగ్గి సోలార్ పెరిగే కొద్దీ అది ఇంకా తగ్గుతుంది, విమానానికి ఆ దారి లేదు.

రేటింగ్ అడిగితే: శుభ్రత 4, సిబ్బంది మర్యాద 4 (నిద్ర మొహాలతో కూడా నవ్వారు), కాలు చాపుకునే చోటు 1, సమయం ఆదా 2, దిగేటప్పుడు రెక్క వంగి డాల్ఫిన్ నోస్ కొండా సముద్రమూ ఒకేసారి కనపడి మా పాప అరిచిన అరుపుకి 5. మిగతావాటికి ఏ గడిలో మార్కులు వేయాలో రివ్యూ రాసే యాప్‌లో లేదు. అత్యవసరం అయితే ఎక్కండి, ఆసుపత్రి, చావు, పరీక్ష, ఇంటర్వ్యూ, ఎవరూ కాదనరు. వీకెండ్‌కి బీచ్‌లో ఫొటోలు దిగడానికి, ఆఫీసు వాళ్ళు డబ్బులిస్తున్నారు కదా అని గంట మీటింగుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాళ్ళకైతే నా రేటింగు ఒకటి. హైదరాబాద్ నుంచి గన్నవరం విమానంలో వెళ్ళేవాళ్ళ గురించి నేనేమీ మాట్లాడను, మా బావమరిది వెళ్తాడు.

వేసవి సెలవులకి మళ్ళీ వైజాగ్ వెళ్ళాలి. ఈసారి అరవై రోజుల ముందు పొద్దున ఎనిమిది కొట్టేసరికి ఫోన్ పట్టుకుని కూర్చుని గోదావరిలో థర్డ్ ఏసీ మూడు బెర్తులు పట్టాను. రెండు లోయర్, ఒకటి సైడ్ అప్పర్. సైడ్ అప్పర్ ఎవరిదో మా ఇంట్లో అప్పుడే తేల్చేశారు, నన్నెవరూ అడగలేదు.